విచారణ లేని సంతకము

పాలకుని కలమునకు ముఖ్యముగా మూడు పనులు కలవు. వీనిని బంధింపుమని వ్రాయుట యొకటి. వీనిని విడిచిపుచ్చుమని వ్రాయుట రెండవది. వీనిని పదవియందు నిలుపుమని వ్రాయుట మూడవది. పన్నులు, పద్దులు, బాటలు, వంతెనలు ఎన్ని యున్నను ప్రజలు పాలకుని తలచుకొనునది యీ మూటి వలననే. ఎవరిని కట్టించెను? ఎవరిని క్షమించెను? ఎవరిని అందల మెక్కించెను? ఈ ప్రశ్నలకు వచ్చు సమాధానమే యతని చరిత్రము.

మేము రాజ్యము లేలినవారము కాము. అయినను ఒకప్పుడు మా చేతిలోను అట్టి కలము, మిక్కిలి చిన్నది, రెండేండ్లపాటు ఉండెను. ఆ కలముతో మేము చేసిన తప్పును ముందు చెప్పుకొననిదే నూటయేబది యేండ్ల క్రిందటి యొక గవర్నరు చేసిన తప్పును గూర్చి మాటలాడుటకు మాకు అర్హత లేదు. కావున మొదట మా కథ.

అమెరికా దేశమున ఉత్తర కెరొలైనా రాష్ట్రములోని కేరీ పట్టణమున మేము చిరకాలముగా కాపురముండుచున్నాము. కంప్యూటరు కొలువులకై వచ్చి స్థిరపడిన తెలుగువారు ఈ ప్రాంతమున చాలమంది కలరు. ఉగాదికిని, దసరాకును పదిమందియు కూడుకొనుటకు ఏర్పడిన యొక చిన్న సంఘమునకు మమ్ము అధ్యక్షులను గావించిరి. ఒక సంవత్సరము ఉగాది వేడుక ముగిసిన తరువాత పద్దులలో సొమ్ము తగ్గినట్లు కనబడెను. కోశాధికారి యొక మిత్రుడు, మాటకారి కాడు. ఎవరో చెవిలో ఏమో ఊదిరి. మాకును కోపము వచ్చెను. ఆ రాత్రి పదునొకండు గంటలకు వాట్సాపులో నాలుగు పంక్తులు వ్రాసి యతనిని పదవినుండి తొలగించి, మాకు కావలసినవాని నొకనిని ఆ స్థానమున నియమించితిమి. ఒక్క పెట్టున బంధనమును నియామకమును రెండును జరిగిపోయెను.

మరునాడు ప్రాతఃకాలముననే సంఘములో అందరకును పెద్దదిక్కయిన యొక అత్తయ్యగారు మాకు ఫోను చేసిరి.

"నాయనా! రాత్రి నీవు వ్రాసినది చదివితిని. ఆ పిల్లవానిని పిలిచి అడిగితివా?"

"అడుగుటకు ఏమున్నదండీ? లెక్క కనబడుచునే యున్నది గదా!"

"లెక్క కనబడుచున్నది సరే. మనిషి కనబడవలదా?"

ఆ మాటకు అప్పుడు మేము నవ్వి యూరకుంటిమి. నెల తిరుగకముందే సంఘము రెండుగా చీలెను. సొమ్ము సంగతి వెనుకబడెను. అడుగకుండ తొలగించితిరన్న సంగతియే ముందునకు వచ్చెను. అంతవరకు అనుమానింపబడినవాడు అన్యాయమునకు గురియైనవా డాయెను. మేము నిరంకుశుల మైతిమి. తరువాతి యెన్నికలో మాకు కలిగిన పరాభవమును వర్ణింప నక్కరలేదు. అందులకు మేము మనసులో అందరిని నిందించితిమి, మమ్ము తప్ప.

ఆ దినములలో ఒక ఆదివారము ఊరివారి ముఖము చూడనొల్లక, రాలీ నగరముననున్న ప్రాచీన శాసనభవనమును చూడబోతిమి. 1840లో పూర్తియైన రాతికట్టడ మది. సందర్శకులకు వివరములు చెప్పుచున్న వృద్ధుడొకడు మమ్ము సెనేటుసభ కూర్చుండిన గదియందు నిలిపి, "అమెరికాలో అభిశంసనచే పదవి కోల్పోయిన మొదటి గవర్నరును విచారించినది ఇచ్చటనే" యని చెప్పెను. అతడేమి దోచుకొనెనని అడిగితిమి. "దోచుకొనలేదు. దుర్మార్గులను పట్టించెను" అనెను. మాకు ఆశ్చర్యమాయెను, అంతకంటె ఎక్కువగా, చెప్పవలెనన్న సిగ్గుగా నున్నది, ఆనందమాయెను. మనవంటివా డింకొకడు దొరకెనుగదా యని యింటికి పోయి యతని చరిత్ర చదువ నారంభించితిమి. ఆ చదువు మాకు కోరిన యోదార్పు నీయలేదు. కావలసిన బుద్ధి చెప్పినది.

అతని పేరు విలియం వుడ్స్ హోల్డెన్. 1818లో ఆరెంజి కౌంటీలో, వివాహము కాని తలిదండ్రులకు పుట్టెను. బాల్యమున హిల్స్‌బరో పట్టణములోని యొక పత్రికాముద్రణాలయమున పని నేర్చెను. స్వశక్తిచే పైకి వచ్చి 1843లో రాలీ నగరపు స్టాండర్డు పత్రికను స్వాధీనము చేసికొని, ఆ రాష్ట్రమున మంత్రులకంటెను పలుకుబడి గల సంపాదకుడాయెను. బానిసత్వమును సమర్థించెను. 1861లో దక్షిణ రాష్ట్రములు సమాఖ్యనుండి విడిపోవునపుడు, ఉత్తర కెరొలైనా విడిపోవు శాసనముపై తానును సంతకము చేసెను. యుద్ధము సాగి జనులు అలమటించుచుండగా మనసు మార్చుకొని సంధి కావలెనని వ్రాసెను. 1864లో గవర్నరు పదవికి పోటీచేసి ఓడిపోయెను. ఇట్లు మాటిమాటికి పక్షము మార్చిన మనుజుని ఏ పక్షమువారును పూర్తిగా నమ్మరు గదా.

1865లో యుద్ధము ముగిసెను; దక్షిణ రాష్ట్రములు ఓడెను; బానిసత్వము తొలగెను. ఓడిన రాష్ట్రములను మరల సమాఖ్యలో చేర్చుకొనుటయు, విముక్తులైన నల్లవారికి పౌరసత్వమును, ఓటును కల్పించుటయు తరువాతి పన్నెండేండ్ల పని యాయెను. దానినే పునర్నిర్మాణకాల మందురు. ఆ కాలమున దక్షిణపు గవర్నరు పదవి ముళ్లకిరీటమే. ఒకచేత క్షమాపత్రము, ఒకచేత సంకెల పట్టుకొని కూర్చుండవలసిన పదవి యది.

1865 మే 29వ తేదీన అధ్యక్షుడు ఆండ్రూ జాన్సను రెండు ప్రకటనలు గావించెను. ఒకదానివలన యుద్ధమున తిరుగబడినవారిలో చాలమందికి క్షమ లభించెను. రెండవదానివలన హోల్డెను ఉత్తర కెరొలైనాకు తాత్కాలిక గవర్నరుగా నియమింపబడెను. క్షమయు నియామకమును ఒకే దినమున పుట్టిన కవలపిల్లలు. అయితే ఆ క్షమ అందరకును రాలేదు. పదునాలుగు తరగతులవారిని వేరుచేసిరి; ఇరువదివేల డాలర్లకు మించిన ఆస్తి గలవా రందు ఒకరు. వీరందరును విడివిడిగా అధ్యక్షునికి అర్జీ పెట్టుకొనవలెను. ఆ అర్జీలపై ఈ వ్రాతపని చేయు గవర్నరు తన సిఫారసు వ్రాయవలెను. చూడుడు! ముద్రణాలయమున మసి పూసికొని పెరిగిన పేదబాలుని వాకిట, నిన్నటివరకు అతనిని చూచి ముక్కు చిట్లించుకొనిన భూస్వాములు అర్జీలు పట్టుకొని నిలువవలసి వచ్చెను.

ఆ పనిని హోల్డెను శ్రమపడియే చేసెను. చాలమంది అర్జీలను సిఫారసు చేసి పంపెను. కాని తన పాతప్రత్యర్థుల విషయమున కలము కొంచెము మొరాయించెను. పూర్వము గవర్నరుగా పనిచేసిన విలియం గ్రేహాం అను పెద్దమనిషి అర్జీని ముందునకు నడపక నిలిపియుంచెను. ఈ గ్రేహాం పేరును చదువరులు గుర్తుంచుకొందురు గాక. కౌంటీల న్యాయాధికారులు మొదలు అనేక పదవులకు మనుష్యులను ఏర్పరుచు భారమును అతనిదే. ఒకనికి ఉద్యోగ మిచ్చినచో తొమ్మండుగురికి కోపము వచ్చును. పొందినవాడును అది తనకు న్యాయముగా రావలసినదే యనుకొనును. ఆ యేటి చివర జరిగిన యెన్నికలో జొనాథను వర్తు చేతిలో హోల్డెను ఓడిపోయెను.

1868లో క్రొత్త రాజ్యాంగ మేర్పడి, నల్లవారును ఓటువేయగా, హోల్డెను రిపబ్లికను పక్షమున గవర్నరుగా ఎన్నుకోబడెను. ఒకప్పుడు బానిసత్వమును సమర్థించిన కలము ఇప్పుడు విముక్తుల హక్కులను కాపాడుటకు పూనుకొనెను. ఇది అవకాశవాదమా, హృదయపరివర్తనమా? మాకు తోచినంతవరకు రెండును కలిసియున్నవి. మనుష్యుని మంచితనము చాలసార్లు స్వార్థపుగుర్రము నెక్కియే యూరు చేరును. చేరినపిదప ఏమి చేసెనో చూడవలెను.

అప్పటికి కు క్లక్స్ క్లాన్ అను రహస్యకూటము రాత్రులందు ముసుగులు వేసికొని తిరుగుచుండెను. నల్లవారిని, వారికి తోడ్పడు తెల్లవారిని కొట్టుటయు, ఇండ్లనుండి తరుముటయు, చంపుటయు దాని వృత్తి. ఓటువేయువాడు మరల ఓటువేయకుండుటయే దాని ప్రయోజనము.

అలమాన్సు కౌంటీకి ముఖ్యపట్టణమైన గ్రాహంలో వయట్ ఔట్లా అను నల్లజాతివా డుండెను. కొయ్యపనిలో నేర్పరి. యుద్ధమున సమాఖ్య సైన్యమున పనిచేసి వచ్చినవాడు. తనవారిని కూడగట్టి సంఘము స్థాపించెను. పట్టణసభలో సభ్యుడై, కానిస్టేబులై, ముసుగుమూకలనుండి ఊరిని కాపాడుటకు రాత్రులందు గస్తీ తిరిగెను. అతని నేర మింతియే. 1870 ఫిబ్రవరి 26వ తేదీ రాత్రి గుంపొకటి యతని యింటిపై బడెను. ముసలితల్లి అడ్డుపడెను, బిడ్డలు చూచుచుండిరి. అతనిని వీథివెంట ఈడ్చుకొనిపోయి, న్యాయస్థానము సమీపముననున్న చెట్టునకు ఉరివేసిరి. ఆ శవముపై హెచ్చరిక వ్రాసిన కాగితమును తగిలించిరి. ఆ రాత్రి కొందరిని గుర్తుపట్టితినని చెప్పిన విలియం ప్యూరియరు అను మరియొక నల్లవాడు కొన్నిదినములకు చెరువులో శవమై తేలెను.

మే నెల 21వ తేదీన ప్రక్కనున్న కాస్వెల్ కౌంటీలో ఇంకొక ఘోరము. యాన్సీవిల్ న్యాయస్థానమున మేడమీద ప్రతిపక్షమువారి సభ జరుగుచుండగా, హోల్డెను పక్షమువాడైన సెనేటరు జాన్ స్టీఫెన్సును క్రిందిగదికి మాటలతో పిలిచికొనిపోయి, మెడకు త్రాడు బిగించి, కత్తులతో పొడిచి చంపిరి. న్యాయస్థానములోనే హత్య! అంతకన్న గవర్నరుకు ఏమి సందేశము కావలెను?

హోల్డెను ఏమి చేయవలెను? చేతులు ముడుచుకొని కూర్చుండవలసినదని మేమనము. అతడు తొలుత నయముననే ప్రయత్నించెను. ప్రత్యర్థిపక్షమున గౌరవము గలవారినే కొందరిని ఏర్పరచి, వారిచేత ఆ రాత్రిసంచారుల నాపించుటకు చూచెను. ఒకటి రెండు కౌంటీలలో కొంత ఫలించెను కూడ. అలమాన్సు, కాస్వెల్ కౌంటీలలో మాత్రము సాక్షులు నోరు విప్పరు. జూరీలో కూర్చుండువాడు ముసుగువేసికొన్నవాడో కాడో తెలియదు. పిల్లికి ఎలుక సాక్ష్యమిచ్చునా?

అప్పుడు హోల్డెను శాసనసభ ఆ యేటి జనవరిలో చేసిన చట్టము నాధారము చేసికొని, ఆ రెండు కౌంటీలు తిరుగుబాటు స్థితిలో నున్నవని ప్రకటించెను. అంతవరకు చట్టము అతని వెంట నుండెను. తరువాత చేసినది నియామకము. జార్జి కర్కు అను కర్నలును టెన్నెసీ రాష్ట్రమునుండి రప్పించి సుమారు ఆరువందలమంది సైనికుల నిచ్చి పంపెను. యుద్ధకాలమున ఈ కర్కు సమాఖ్యపక్షమున నిలిచి ఉత్తర కెరొలైనా పడమటి కొండలలో దాడులు సలిపినవాడు; అతని పేరు చెప్పిన చాలు ఆ జనులకు ఒడలు మండును. శాంతి నెలకొల్పుటకు పంపవలసినవాడు పగను జ్ఞప్తికి తెచ్చువాడైనచో ఆ శాంతి యెట్టిదగును?

నియామకము వెంబడి నిర్బంధములు వచ్చెను. 1870 జులై, ఆగష్టు నెలలలో నూరుమంది వరకు పట్టుబడిరి. వారిలో నిజముగా చేతులకు నెత్తురంటినవా రుండిరి. ఏ పాపమెరుగనివారును ఉండిరి. వేరుచేయవలసినది విచారణ. ఆ విచారణయే జరుగలేదు. మామూలు న్యాయస్థానములయందు నమ్మకము లేక వారిని సైనిక న్యాయసభ ముందు నిలుపవలెనని హోల్డెను తలచెను. కర్కు క్రింది యధికారి యొకడు నిజము చెప్పించుటకై కొందరి మెడకు త్రాడువేసి తెలివి తప్పువరకు వ్రేలాడదీసెను. ఔట్లా మెడకు బిగిసిన త్రాడునకు శిక్ష వేయబోయినవారి చేతిలోనే మరల త్రాడు! ఎలుక లున్నవని ఇంటికి నిప్పు పెట్టుకొన్నట్లాయెను.

బంధింపబడినవారి పక్షమున రాష్ట్ర ప్రధాన న్యాయమూర్తి రిచ్మండ్ పియర్సను హెబియస్ కార్పస్ ఆజ్ఞలు జారీచేసెను. పట్టుబడినవానిని న్యాయాధిపతి యెదుట నిలిపి, ఏల పట్టితివో చెప్పుమని అడుగు ఆజ్ఞ యది. మా అత్తయ్యగారు ఫోనులో మమ్మడిగిన ప్రశ్నకు చట్టము పెట్టిన పేరు హెబియస్ కార్పస్ అని మాకు తరువాత తెలిసినది. ఆ రాష్ట్ర రాజ్యాంగము ఈ హక్కును ఏ పరిస్థితిలోను నిలిపివేయరాదని 1868లోనే వ్రాసికొన్నది. కర్కు ఆ ఆజ్ఞలకు లోబడలేదు. గవర్నరు అతనిని సమర్థించెను. పియర్సను తన చేతనైనది ఇంతటితో తీరినదని విరమించెను. ఆగష్టు 5వ తేదీన, గవర్నరును తన సెంటినెల్ పత్రికలో దినదినము తూలనాడుచుండిన జొసాయా టర్నరును హిల్స్‌బరోలో పట్టుకొనిరి. ఆ యూరున్న ఆరెంజి కౌంటీ తిరుగుబాటు ప్రకటనలో లేనేలేదు! ఆ పట్టివేతకు ఆజ్ఞ యెవరిదను వాదము ఎట్లున్నను, పట్టినవారు హోల్డెను సైనికులే. ఒక సంపాదకుడు గవర్నరై, మరియొక సంపాదకుని చెరపట్టించెనన్న మాట దేశమంతట ప్రాకెను.

తుదకు ఖైదీల న్యాయవాదులు సమాఖ్య న్యాయాధిపతియైన జార్జి బ్రూక్సును ఆశ్రయించిరి. నల్లవారి రక్షణకై క్రొత్తగా చేరిన పదునాలుగవ రాజ్యాంగసవరణయే వారి వాదమునకు ఆధారమాయెను. విధి వైపరీత్య మనగా నిదియే. హోల్డెను అధ్యక్షుడు గ్రాంటునకు తంతి పంపెను. న్యాయాధిపతి యాజ్ఞకు లోబడుమని సమాధానము వచ్చెను. ఖైదీలు విడుదలైరి. అంతకు ముందే ఆగష్టు 4వ తేదీన జరిగిన యెన్నికలో శాసనసభ ప్రతిపక్షమువారి చేతికి పోయెను.

ఆ డిసెంబరులో హోల్డెనుపై అభిశంసనము వచ్చెను. ఎనిమిది అభియోగములు. రాలీ నగరమున, మేము నిలిచిన ఆ గదిలోనే, 1871 మార్చి 22వ తేదీవరకు విచారణ సాగెను. అధ్యక్షత వహించినవాడు ఆ పియర్సనే. హోల్డెనుకు వ్యతిరేకముగా వాదించిన న్యాయవాదులలో ఒకడు ఎవరనుకొన్నారు? 1865లో అతడు అర్జీ నిలిపియుంచిన గ్రేహాం! క్షమ నిరాకరించినవాని యెదుట, క్షమకై నిరీక్షించినవాడు ఆరేండ్లకు అభియోక్తయై నిలిచెను.

తీర్పు చిత్రమైనది. రెండు కౌంటీలను తిరుగుబాటు స్థితిలో నున్నవని ప్రకటించుట తప్పను మొదటి రెండు అభియోగములను సెనేటు అంగీకరింపలేదు. అక్రమనిర్బంధములు, న్యాయాజ్ఞల ధిక్కారము, చట్టవిరుద్ధముగా సైన్యమును కూర్చి సొమ్ము వెచ్చించుట అను తక్కిన ఆరింటిలో దోషియనెను. అనగా, అక్కడ అల్లరి లేదని చెప్పుటకు ఆ సెనేటునకే చాలినంతమంది ముందునకు రాలేదు. అల్లరిని అణచిన తీరే తప్పని చెప్పిరి. హోల్డెను పదవి పోయెను. మరల ఏ రాష్ట్రపదవియు పొందరాదని శాసించిరి.

ఇంతవరకు చదివి మేము, "చూడుడు, క్రమము తప్పినవానికి తగిన శాస్తి జరిగినది" అని పుస్తకము మూసిపెట్టబోతిమి. మూయకుండుట మంచిదాయెను. హోల్డెనును విచారించిన న్యాయము వయట్ ఔట్లాను ఎప్పుడు విచారించెను? ఆ కథ ఇంకను మిగిలియున్నది.

ఆ పనికి పూనుకొన్నవాడు సుపీరియర్ కోర్టు న్యాయాధిపతి ఆల్బియన్ టూర్జీ. సైన్యము లేదు, త్రాడు లేదు, సాక్షులను పిలిచి, ఓపికతో వినిన మామూలు గ్రాండ్ జూరీయే. 1871 చివర అది అరువదిమందికి పైగా నేరారోపణ చేసెను. ఔట్లా హత్యకు పదునెనిమిదిమందిపై అభియోగము మోపెను. చదువరులారా, ఇది గమనింపుడు: హోల్డెను నూరుమందిని పట్టియు చేయలేని పనిని మామూలు న్యాయస్థానము మరుసటి యేట చేయగలిగినది. సమాఖ్య న్యాయస్థానములును ఆ యేడే కూటమువారిని కొందరిని శిక్షించెను. దారి యిరుకైనదే, కష్టమైనదే, కాని ఉండెను.

దారి యున్నదని కనబడగానే శాసనసభ దానిని మూసివేసెను. రహస్యకూటములనుగూర్చిన చట్టములను రద్దుచేసెను. 1873లో క్షమాశాసనము చేసి, మరుసటి యేట దానిని విస్తరించెను. ఔట్లా హత్యపై ఒక్కనికైనను శిక్ష పడలేదు. హోల్డెను విచారణలేక బంధించెనని గగ్గోలు పెట్టినవారే విచారణలేక క్షమించిరి. విచారణ లేని బంధనమును, విచారణ లేని క్షమయు ఒక్కతల్లి బిడ్డలే. మొదటిది నిర్దోషిని దోషితో కలిపి కట్టును. రెండవది దోషిని నిర్దోషితో కలిపి విడుచును. రెండింటను మరుగుపడువాడు ఒక్కడే. వాడు చంపబడినవాడు.

విచారించి క్షమించుట వేరు. సమాఖ్య న్యాయస్థానము రాండల్ఫ్ షాట్వెల్ అను కూటనాయకునికి 1871లో ఆరేండ్ల చెర విధించెను. 1872లో గ్రాంటు అతనిని క్షమించెను. ఆ క్షమ మంచిదా చెడ్డదా యని వాదింపవచ్చును. కాని అతడు ఏమి చేసెనని చెప్పబడినదో, ఏ సాక్ష్యముమీద శిక్ష పడినదో పత్రములలో నిలిచియున్నది. అట్టి క్షమ నేరమును దాచలేదు.

దాచిన నేరము ఎంతకాలము దాగును? జాన్ లీ అను కాస్వెల్ కౌంటీవాడు 1870లో కర్కు సైనికులచే పట్టుబడి, విడుదలైనవారిలో ఒకడు. అతడు 1919లో ఒక వాఙ్మూలము వ్రాసి, తన మరణానంతరమున తెరువవలెనని రాష్ట్ర చరిత్రసంఘమువారికి అప్పగించెను. 1935లో అతడు చనిపోయిన పిదప తెరచి చూడగా, స్టీఫెన్సును చంపినది తమ కూటమేయని, తాను అందున్నానని స్పష్టముగా నుండెను. అంతేకాదు, పండ్రెండుగురు జూరీగా కూర్చుండి స్టీఫెన్సుకు న్యాయముగా విచారణ జరిపితిమని అందు వ్రాసికొనెను. ఆ విచారణలో లేనివాడు ఒక్క స్టీఫెన్సు మాత్రమే! హంతకునికి సయితము విచారణయను మాట కావలసివచ్చినది చూడుడు.

హోల్డెను ఊహించిన దోషులలో ఒకడు ఆ విధముగా నిజమైన దోషియే. అయినను అతనికి ఆ నిజము ఉపయోగపడలేదు. న్యాయాధిపతి యెదుట నిలిపి నిరూపించినచో నిజమై యుండెడిది; నిరూపింపక కట్టివేయుటచే పగయై మిగిలెను. పదవి పోయిన హోల్డెను 1873 మొదలు 1881 వరకు గ్రాంటు చలవవలన రాలీలో పోస్టుమాస్టరుగా పనిచేసి, 1892లో మరణించెను. 2011 ఏప్రిల్ 12వ తేదీన ఉత్తర కెరొలైనా సెనేటు, వ్యతిరేకించిన వోటొక్కటియు లేక, 48 వోట్లతో అతనిని క్షమించెను. నూటనలువది యేండ్లకు గవర్నరుకు క్షమాపత్రము వచ్చెను. మంచిదే. మేము సంతోషించితిమి. కాని ఔట్లాకు వచ్చిన తీర్పు ఏది?

ఈ ప్రశ్న మమ్ము వదలక, ఒక దినము కారెక్కి గ్రాహం పోతిమి. మా యింటినుండి గంట ప్రయాణము. న్యాయస్థానపు కట్టడము 1924 నాటిది. అప్పటి చెట్టు లేదు. దాని యెదుట 1914లో నిలిపిన కాన్ఫెడరేటు సైనికుని శిలావిగ్రహము మాకు కనబడెను. ఓడినవారికి విగ్రహము, చట్టమును కాచినవానికి ఉరి. ఒక కాఫీయంగడిలో కూర్చుండి వీథివైపు చూచుచుండగా, మాకు హఠాత్తుగా మా సంఘమున మేమును, మా తరువాతివారును కూడ మరచిన మనిషి యొకరు జ్ఞప్తికి వచ్చిరి.

ఉరికిని పద్దుచిల్లికిని సామ్యము చెప్పునంత మూఢులము కాము. ప్రాణము పోయినచోట పోలిక చెల్లదు. అయినను మనుష్యుని అలవాటు చిన్నచోట పుట్టియే పెద్దచోటికి పోవును గదా. మేము ఓడిన తరువాత క్రొత్త కార్యవర్గమువారు మొదటిసభలోనే "గతము గతః, పాతలెక్కలు త్రవ్వరాదు" అని తీర్మానించిరి. అందరును చప్పట్లు కొట్టిరి. మేమును కొట్టితిమి, మా తప్పును దానిలో కొట్టుకొనిపోయెను గనుక. ఆ ఉగాదికి రెండువందలమందికి బొబ్బట్లును, పులిహోరయు తన యింట వండి పంపిన యిల్లాలికి రావలసిన సొమ్ము ఆ పాతలెక్కలలోనే ఉండెను. మేము కోశాధికారిని తొలగించునపుడు ఆమెను అడుగలేదు. వారు క్షమించునపుడును ఆమెను అడుగలేదు.

గ్రాహంనుండి తిరిగి వచ్చి మొదట ఆ పాత కోశాధికారి యింటికి పోతిమి. తలుపు తీసి క్షణకాలము మాటలాడలేదు. "లోనికి రండి" అని మాత్రము అనెను. కాగితములన్నియు బల్లమీద పరచుకొని రెండు గంటలు కూర్చుంటిమి. తగ్గిన సొమ్ములో సగము సభాభవనమువారు ఇంకను తిరిగి ఇయ్యని పూచీసొమ్ము. తక్కినది అతడు తన సొంతఖాతాలో కలిపివైచి, ఏది దేనిదో తెలియక చేసిన పొరపాటు. దొంగయు కాడు, పూర్తిగా నిర్దోషియు కాడు. మేము ఆ రాత్రియే పిలిచి అడిగియున్నచో రెండు గంటలలో తేలెడిది.

"అప్పుడే అడుగవలసినదండీ" అని యతడు మెల్లగా ననెను. అంతకు మించి మమ్ము నిందింపలేదు. ఆ మాటయే చాలును.

అతడును మేమును చెరిసగము వేసికొని ఆ యిల్లాలి సొమ్ము పట్టుకొనిపోతిమి. ఆమె తీసికొని లెక్కపెట్టి, "ఇన్నాళ్లకు ఒకరైనను మా లెక్క యెంతయని అడిగితిరి" అనెను. కాఫీ యిచ్చెను. ఇంకేమియు అనలేదు.

చదువరులారా, మనలో గవర్నరులు కొద్దిమంది. కాని సంతకముపెట్టు చేయి లేనివారు ఎవరు? ఇంటి యజమాని, బడి పెద్ద, గుడి ధర్మకర్త, కార్యాలయపు అధికారి, సంఘాధ్యక్షుడు, ప్రతివాడును ఏదో యొకనాడు ఒకనిని వెలివేయుమని, ఒకనిని చేర్చుకొనుమని, ఒకనిని మన్నింపుమని చెప్పవలసినవాడే. కోపము వచ్చినపుడు త్వరపడుట ధైర్యమనియు, అలసట కలిగినపుడు మరచిపోవుట ఔదార్యమనియు మనము పొరపడుదుము. హోల్డెను మొదటి పొరపాటునకు పదవి కోల్పోయెను. రెండవ పొరపాటు చేసిన శాసనసభకు ఏ శిక్షయు పడలేదు. అందుచేతనే రెండవది ఎక్కువ అపాయకరము. దానిని ఎవరును తప్పని గుర్తింపరు.

కావున కలము చేతికి వచ్చినపుడు, ఏ సంతకమైనను సరే, వ్రాయుటకు ముందు రెండు ప్రశ్నలు వేసికొందము. ఎవనిమీద వ్రాయుచున్నామో వానిని పిలిచి అడిగితిమా? ఎవని నష్టమునుబట్టి వ్రాయుచున్నామో వానిని పిలిచి అడిగితిమా? మొదటి ప్రశ్న మాకు అత్తయ్యగారు నేర్పిరి. రెండవది నేర్చుకొనుటకు మేము గ్రాహం దాక పోవలసివచ్చెను.